‘బాకే’ నాటకానికి మాస్కులు సిద్ధం చేసుకుంటున్న శిష్యుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రాచీన గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ రాసిన విషాద నాటకం ‘బాకే’ను మాస్కులతో ప్రదర్శించాలని మీరు నిర్ణయించుకున్నందుకు చాలా సంతోషించాను. అయితే ప్రదర్శనకు వారం ముందు మాస్కులు చేతికందితే చాలుననే ఆలోచనను వెంటనే మానుకో. అసలువి తయారయ్యేదాకా అట్టతో చేసినవైనా సరే, మొదటి రిహార్సల్ నుంచే నటులు వాటిని తొడుక్కోవాలి.

ఆ కాలంలో ఏథెన్స్‌లో, మద్యదేవుడు డయోనిసస్ పేరిట ఉన్న రంగస్థలంలో వాడిన మాస్కు జుట్టుతో సహా తలనంతటినీ కప్పేది. అవి తేలికైన, పాడైపోయే పదార్థాలతో చేసినవి కావడంతో ఒక్కటీ మిగల్లేదు. నేపుల్స్ మ్యూజియంలో ఉన్న ప్రోనోమస్ కలశం అనే ప్రాచీన గ్రీకు పాత్ర మీద నటులు మాస్కులను చేత పట్టుకుని కనిపిస్తారు. ఆ చిత్రాన్ని మీ బృందమంతటికీ చూపించు.

మాస్కు తొడుక్కున్నవాడికి పక్కచూపు ఉండదు కనుక, కంటితో చేసే పనిని మెడతో, భుజాలతో, నడుముతో చేయడం అతడు నేర్చుకోవాలి. తల కాస్త వంచితే ముఖం మీద నీడ పడి దుఃఖం కనిపిస్తుంది, ఎత్తితే వెలుగు పడి అదే ముఖం మారిపోతుంది. మాట్లాడేటప్పుడు చేతులను ఊరికే ఆడించనివ్వకు. ఒక భావానికి ఒక్క కదలిక చాలు, అది పూర్తయ్యాకే మరొకటి. పదిహేను మంది కోరస్ (పాడుతూ ఆడే బృందం) ఒకరినొకరు చూసుకోలేరు కాబట్టి, పక్కవారి ఊపిరిని, అడుగుల చప్పుడును విని కదలడం అలవాటు చేయి. ఎత్తైన అట్టల బూట్లు తరువాతి కాలానివి. మీకు మెత్తని పాదరక్షలే మేలు.

ఆహార్యం విషయంలో నీ శ్రద్ధంతా థీబ్స్ నగర రాజు పెంథియస్ ఆడవేషం వేసుకునే ఘట్టం మీద పెట్టు. డయోనిసస్ అతని జుట్టు సవరిస్తాడు, నడికట్టు వదులైందంటాడు. కుడికాలి వైపు అంచు సరిగా లేదని పెంథియస్ తానే ఒప్పుకుంటాడు. ఈ నాటకం మొత్తంలో నాకు అతి భయంకరంగా తోచేది ఇదే, ఎందుకంటే చంపించబోయేవాడే ఎంతో ఓపికగా ముస్తాబు చేస్తున్నాడు. దీన్ని హాస్యంగా మార్చి తొందరగా దాటేయకు; అంచు నిజంగానే చేతికందేంత పొడవుగా కుట్టించు.

ఆనాడు నటులు ముగ్గురే కనుక, పెంథియస్‌ను, ఉన్మాదంలో అతన్ని చంపి తల పట్టుకొచ్చే తల్లి అగావేను ఒకే నటుడు ధరించి ఉంటాడని, ఆ తలగా పెంథియస్ మాస్కునే వాడి ఉంటారని పండితులు చాలామంది భావిస్తారు. నువ్వూ అలాగే చేయి. రక్తం పూసిన వేరే బొమ్మ తలను తేవద్దు. ప్రేక్షకులు అంతవరకూ మాట్లాడగా విన్న ముఖమే తల్లి చేతుల్లో కనిపించాలి. కాబట్టి ఆ రెండు మాస్కులకూ ఒకే నటుడి తల కొలత ఇచ్చి చేయించు.

ఆశీస్సులతో,
మాస్టారు