టు-లెట్ బోర్డు వేలాడే నెలల్లో ఈఎంఐ ఎవరు కడతారు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. చేతికి నెలకి 62,000 వస్తుంది. గాజువాకలో నాన్నగారి ఇంట్లోనే ఉంటున్నాం. 16 నెలల క్రితం మధురవాడలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాను. 30 లక్షల లోను, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ, ఈఎంఐ 26,035. రిజిస్ట్రేషన్ ఖర్చులకి బయట లక్షన్నర తెచ్చాను, నూటికి రెండు రూపాయల వడ్డీ. మొదటి మూడు నెలలు ఎవరూ దిగలేదు. తర్వాత ఒక కుటుంబం 14,000 అద్దెకి వచ్చి తొమ్మిది నెలలు ఉన్నారు. చివరి రెండు నెలల అద్దె ‘అడ్వాన్స్‌లో సర్దుకోండి’ అని చెప్పి జూన్‌లో వెళ్లిపోయారు. కరెంటు బిల్లు బాకీ పెట్టారు, గీజర్ పాడైంది. తెలిసినవాళ్లే కదా అని అగ్రిమెంటు రాయించుకోలేదు. నాలుగు నెలలుగా ఫ్లాట్ ఖాళీ. 16,000 చెబుతున్నాను, కుదరడం లేదు. కబోర్డులు, ఏసీలు పెట్టిస్తే 20,000 వస్తుందని బ్రోకర్ అంటున్నాడు. అందుకు 4 లక్షల పర్సనల్ లోను తీసుకోవచ్చా? పాప కోసం దాచిన 2 లక్షల ఎఫ్‌డీ, మ్యూచువల్ ఫండ్‌లో నెలకి 5,000 సిప్ ఉన్నాయి.

జవాబు: వద్దు. ఆ లోను ఫారం మీద ఇంకా సంతకం పెట్టకపోతే అదే పదివేలు.

మీ ఉత్తరమే ఎందుకు తీసుకున్నానంటే, ఇలాంటివి నాకు తరచూ వస్తాయి. అందరూ ఒకేచోట తప్పటడుగు వేస్తారు. నెలకి అద్దె ఇంత, ఏడాదికి పన్నెండింతలు అని కాగితం మీద వేసుకుంటారు. ఇల్లు ఖాళీగా ఉండే నెలలకి ఆ కాగితంలో చోటుండదు. మీ లెక్కే చూడండి. 16 నెలల్లో మీకు అందింది ఏడు నెలల అద్దె 98,000, రెండు నెలల అడ్వాన్స్ 28,000. మొత్తం 1,26,000. నెలకి సగటున 7,875. కట్టిన ఈఎంఐలు 4,16,560. మీది 14,000 అద్దె వచ్చే ఫ్లాట్ అని మీరనుకుంటున్నారు, బ్యాంకు పాస్‌బుక్ మాత్రం అలా చెప్పడం లేదు.

ఆ బయటి అప్పు సంగతి ముందు తేల్చాలి. నూటికి రెండు రూపాయలంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. ఏడాదికి 24 శాతం అది. నెలకి 3,000 చొప్పున ఇప్పటికి 48,000 కట్టారు, అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. మరోపక్క 2 లక్షలు ఎఫ్‌డీలో ఏడు శాతం చుట్టుపక్కల వడ్డీకి పడి ఉన్నాయి. పాప పేరు పెట్టాం కాబట్టి ముట్టుకోకూడదన్నది సెంటిమెంటు. 24 శాతానికి అప్పు మోస్తూ పాప కోసం దాస్తున్నామనుకుంటే పాపకే నష్టం. ఎఫ్‌డీ ముందే తీసినందుకు వడ్డీలో కొంచెం కోత పడుతుంది, పడనివ్వండి. లక్షన్నర తీర్చేసి, రాసిచ్చిన నోటు వెనక్కి తీసుకుని చించేయండి.

మిగిలిన 50,000 ఈ ఫ్లాట్ తాలూకు అత్యవసర నిధికి పునాది. ఈ ఒక్క విషయం ఎన్నిసార్లయినా చెబుతాను, విసుక్కోకండి. అద్దెకిచ్చే ఇంటికి ఆరు నెలల ఈఎంఐ, మెయింటెనెన్స్ పక్కన ఉండాలి. మీ కుటుంబానికి పెట్టుకునే అత్యవసర నిధిలో ఇది కలవదు, వేరే ఖాతాలో ఉండాలి. మెయింటెనెన్స్ 2,000 అనుకుంటే నెలకి 28,000, ఆరు నెలలకి 1,68,000. అప్పు తీరితే మిగిలే 3,000, సిప్ ఆపితే మిగిలే 5,000 కలిపి నెలకి 8,000 ఇందులో వేయండి. పదిహేను నెలల్లో నిండుతుంది. అవును, సిప్ ఆపమనే అంటున్నాను. మామూలుగా నేను చెప్పే మాట కాదిది. కానీ గీజర్ కాలితే క్రెడిట్ కార్డు తీసే పరిస్థితిలో సిప్ నడపడం గొప్పేమీ కాదు.

అద్దెదారు ఇచ్చే అడ్వాన్స్‌ని మాత్రం ఈ నిధిలో లెక్కేయకండి. అది మీ దగ్గర దాచుకున్న వాళ్ల డబ్బు. పోయినసారి తీసుకున్న అడ్వాన్స్‌ని ఏం చేశారో మీరు రాయలేదు. గృహప్రవేశం భోజనాల్లో కలిసిపోయి ఉంటుందని నా అనుమానం. ఈసారి వచ్చేది వచ్చినట్టే చిన్న ఎఫ్‌డీ చేసి పెట్టండి. అడ్వాన్స్‌ని అద్దె కింద సర్దడం కుదరదని, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటామని అగ్రిమెంటులోనే రాయించండి. తెలిసినవాళ్లయితే ఇంకా తప్పకుండా రాయించండి. దిగిన రోజూ, వెళ్లే రోజూ కరెంటు మీటరు ఫోటో తీసుకోండి. బిల్లు బాకీ పడితే ఈపీడీసీఎల్ వాళ్లు చూసేది మీ సర్వీసు నంబరే.

ఖాళీ నెలలు మీ చేతకానితనం వల్లే వచ్చాయని కాదు. మన దగ్గర అద్దె ఇల్లయినా పాలు పొంగించకుండా దిగరు. ఆషాఢంలో దిగరు, పుష్యంలో దిగరు, మూఢం వస్తే అసలు ఇల్లు చూడటానికే రారు. మధురవాడలో పిల్లల బళ్లు, రుషికొండ ఐటీ ఉద్యోగాలు చూసుకుని మారేవాళ్లు ఎక్కువగా మే, జూన్ మొదట్లోనే మారతారు. మీ వాళ్లు జూన్‌లో వెళ్లారు, వెనకే ఆషాఢం. అంతవరకు సరే. శ్రావణం వచ్చాక కూడా 16,000 అని భీష్మించడం మాత్రం మీ తప్పే. నాలుగు నెలలకి 56,000 పోయింది. రేపు 16,000కి దిగినా, నెలకి అదనంగా వచ్చే 2,000తో ఆ గుంట పూడటానికి 28 నెలలు పడుతుంది.

ఇక బ్రోకర్ సలహా. 4 లక్షల పర్సనల్ లోను 14 శాతానికి ఐదేళ్లకి తీసుకుంటే ఈఎంఐ సుమారు 9,300. అతను చెప్పిన 20,000 నిజంగా వచ్చినా అద్దె పెరిగేది 6,000. నెలనెలా 3,300 ఎదురు కట్టి అద్దెదారుకి ఏసీ గాలి అందిస్తారన్నమాట! ఫ్లాట్ ఖాళీగా ఉంటే మొత్తం 9,300 మీదే. బ్రోకర్‌కి ఒక నెల అద్దె కమిషన్, అద్దె ఎంత పెరిగితే అతనికి అంత లాభం. మీ ఈఎంఐతో అతనికేం పని? రుషికొండ బీచ్ దగ్గరే కదా, టూరిస్టులకి రోజు అద్దెకి ఇద్దామన్న ఆలోచన కూడా వస్తుంది. అసోసియేషన్‌తో రోజూ గొడవ, ఉద్యోగం చేసుకుంటూ అది మీ వల్ల కాదు.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. కిటికీ అద్దాలు పగిలి, డాబాల మీద ట్యాంకులు ఎగిరిపోయాయి. ‘భారత్ గృహ రక్ష’ పాలసీ తుఫానుకీ వర్తిస్తుంది. ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే ఆ కాలానికి అద్దె నష్టం కూడా ఇస్తుంది. కట్టడం విలువకే తీసుకోవాలి, స్థలానికి కాదు. ప్రీమియం మీ ఒక నెల అద్దె కంటే చాలా తక్కువ. తుఫాన్ల కాలంలోనే ఉన్నాం, ఈ వారమే తీసుకోండి. మీ మీద 30 లక్షల లోను ఉంది కాబట్టి దానికి మించిన టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా ఉండాలి. సముద్రపు గాలికి గ్రిల్స్ తుప్పు పట్టడం వంటివి ఏ పాలసీలోనూ రావు, వాటికి ఏడాదికి ఒక నెల అద్దె తీసి పెట్టండి.

పన్ను సంగతి రెండు మాటల్లో. జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకి) కట్టిన ఇంటి పన్ను తీసేశాక మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు ఉంది. ఆదాయపు పన్ను కొత్త విధానంలో ఉంటే అద్దెని మించిన వడ్డీ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. పాత విధానంలో 2 లక్షల దాకా కుదురుతుంది. అమ్మేద్దామా అంటారా, రెండేళ్లు నిండకుండా అమ్మితే లాభం మీద మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. అది నిండాక ఆలోచించండి.

ఇప్పుడు అక్టోబరు. కార్తీకం దాటితే పుష్యం ఎంతో దూరంలో ఉండదు. బ్రోకర్ మళ్లీ ఫోన్ చేస్తే కబోర్డుల మాట ఎత్తనివ్వకండి. 14,000కి, నెల ముందు నోటీసు షరతుకి ఒప్పుకునే కుటుంబం ఉందేమో అడగండి. ఉంటే గీజర్ బాగు చేయించి తాళాలు ఇచ్చేయండి.