టెక్ సందేహాలు: సాకెట్ ఒకటే అయితే ప్రాసెసర్ పనిచేస్తదా?

"అన్నా, మాది మిర్యాలగూడ. 2017ల తీస్కున్న గేమింగ్ పీసీ ఉంది నా దగ్గర. ఐ5-7400, హెచ్110 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1060 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్స్ ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా). జీటీఏ 5ల సిటీ లోపలికి రాంగనే ఆగి ఆగి నడుస్తది, దోస్తులతోని డిస్కార్డ్‌ల మాట్లాడుకుంట ఆడితే ఇంకా ఘోరం. తెలిసినాయన ఒకాయన పాత ఐ7-8700 ఇస్తా అంటున్నడు, సాకెట్ గదే, బోర్డు మార్చే పని లేదు అంటున్నడు. తీస్కోమంటవా?"

వద్దు తమ్ముడూ. పైసలియ్యకముందే అడిగినవ్, మంచి పని చేసినవ్. సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూసునే గూడు, దాని పేరు ఒకటే, రెండూ ఎల్‌జీఏ 1151, దాంట్ల ఆయన అబద్ధం చెప్పలే. కానీ 2017 అక్టోబర్‌ల ఈ ఐ7-8700 ఉన్న ఎనిమిదో జనరేషన్ తెచ్చినప్పుడు ఇంటెల్ కొన్ని పిన్నుల పని మార్చేసింది, దానికి 300 సిరీస్ చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతోని కలిపే బోర్డు మీది చిప్పు) ఉన్న బోర్డే కావాలె, హెచ్310, బీ360, జెడ్370 గిట్లాంటివి. నీ హెచ్110ల ఆ ప్రాసెసర్ మంచిగనే కూసుంటది, లాక్ గూడ పడ్తది, స్క్రీన్ మీద మాత్రం ఏం రాదు. బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి, పిన్నుకు టేప్ అతికించి నడిపించినోళ్ల వీడియోలు నెట్‌ల ఉంటయి, చూసి ఆనందించు, అంతే, నీ ఒక్క పీసీ మీద ఆ ప్రయోగం చెయ్యకు.

నీ బోర్డుకు పట్టే పెద్ద ప్రాసెసర్ అంటే ఏడో జనరేషన్ ఐ7-7700, బయోస్ పాతదుంటే ముందు అప్‌డేట్ చేస్కోవాలె. కోర్లు నాలుగే, థ్రెడ్లు (ఒకేసారి పట్టుకునే పనులు) మాత్రం నాలుగు నుంచి ఎనిమిదైతయి, ఆగుడు కొంచెం తగ్గుతది. దోస్తు ఎవరన్న ఊరికెనే ఇస్తే పెట్టుకో. కొనుడు మాత్రం వద్దు, ఎందుకంటే అది గూడ విండోస్ 11 లిస్టుల లేదు, విండోస్ 10కేమో మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది.

అసలు తప్పు ప్రాసెసర్‌దేనా అన్నది ముందుగాల తేల్చుకో. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వేస్కో, ఫ్రీనే, గేమ్ ఆడుతుంటే ప్రాసెసర్ ఎంత వాడుతుంది, కార్డు ఎంత వాడుతుంది, టెంపరేచర్ ఎంత అన్నీ స్క్రీన్ మూలకు చూపిస్తది. తర్వాత గేమ్‌ల గ్రాఫిక్స్ సెట్టింగులన్నీ అడుగుకు దించి అదే గల్లీల కారు తోలు. ఎఫ్‌పీఎస్ (సెకనుకు స్క్రీన్ మీద మారే బొమ్మల లెక్క) బాగ పెరిగితే ఇబ్బంది కార్డుది. అన్నీ దించినా ఎఫ్‌పీఎస్ అక్కడక్కడ్నే కొట్టుకుంటుంటే, ప్రాసెసర్ 100 శాతం మీద, కార్డు 50-60 శాతం మీద కనపడ్తుంటే, అప్పుడు దొంగ దొరికినట్టే. నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి నాకైతే ప్రాసెసర్ మీదనే డౌటు, నాలుగు కోర్లు నాలుగు థ్రెడ్లతోని గేమూ డిస్కార్డూ వెనుక క్రోమూ అన్నీ లాగాలంటే దానికి మాత్రం ఎక్కడి నుంచి వస్తది ఓపిక.

ఇంకో మాట, మిర్యాలగూడ అన్నవ్ కాబట్టి అడుగుతున్న, కాబినెట్ విప్పి ఎన్నేండ్లయింది? రైస్ మిల్లుల పక్క ఊళ్ల నుంచి వచ్చే పీసీలు నేను చూసిన, కూలర్ ఫ్యాన్ కింద రేకుల మధ్యల ఊక దుమ్ము కంబళిముక్క లెక్క పేరుకుని ఉంటది, గోరుతోని పడితే పొరంతా ఒక్కసారే లేచొస్తది. థర్మల్ పేస్ట్ ఎండి సుద్దముక్క లెక్క రాల్తది. నీ ప్రాసెసర్‌కు 100 డిగ్రీలు హద్దు, ఆ దగ్గరికి పోతే అదే స్పీడు తగ్గించుకుంటది, గేమ్ ఆగుతది. బ్రష్షు పెట్టి దులుపు, ఫ్యాన్‌ను వేలితోని ఆపిపట్టి దులుపు, కొత్త పేస్ట్ బఠానీ గింజంత పెట్టు. ఒకవేళ దీంతోనే సెట్ అయితే నాకు పార్టీ బాకీ.

సెట్ కాకుంటే బోర్డు, ప్రాసెసర్ రెండూ మార్చుడే. ఇక్కడ నీ అదృష్టం ఏందంటే నీ దగ్గర 16 జీబీ డీడీఆర్4 ఉంది. 2025 చివర్ల నుంచి ర్యామ్ రేట్లు మండిపోతున్నయి, ఏఐ సర్వర్ల కోసం కంపెనీలు చిప్పులన్నీ అటే మళ్లించినయి, అందుకని ఉన్న ర్యామ్‌ను కాపాడుకునే దారే పట్టు. షాపుల "లేటెస్ట్ తీస్కో" అని ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 బోర్డు చూపిస్తరు, అది డీడీఆర్5 తప్ప పట్టదు, అంటే ర్యామ్ గూడ కొత్తది కొనాలె. నీకు రెండే దారులు: ఏఎండీ రైజన్ 5 5600తోని బీ550 బోర్డు, లేకుంటే ఇంటెల్ ఐ5-12400ఎఫ్‌తోని హెచ్610 లేదా బీ660 బోర్డు. రెండిట్లనూ 6 కోర్లు, 12 థ్రెడ్లు, విండోస్ 11కు రెండూ ఓకే. నన్నడిగితే ఆ రోజు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ల ఏ జోడీ తక్కువకు వస్తే అది, ఆటల తేడా కంటికి కనపడేంత ఉండదు. ఇంటెల్ తీస్కుంటే మాత్రం బోర్డు డబ్బా మీద డీడీఆర్4 అని రాసుందా చూడు, అదే చిప్‌సెట్‌తోని డీడీఆర్5 బోర్డులు గూడ ఉంటయి, ఇంటికొచ్చినంక చూస్కుంటే గాటు కలవదు, ర్యామ్ కూసోదు, మళ్ల సికింద్రాబాద్ దాక బస్సెక్కుడే.

ఎస్‌ఎంపీఎస్ సంగతి ఎవ్వరు అడగరు, నువ్వు గూడ అడగలే. లెక్కకు 450 వాట్స్ సరిపోతది, కార్డు 120, ప్రాసెసర్ 65. కానీ కరెంటు పోయుడు వచ్చుడు మధ్యల ఇన్నేండ్లు నడిచిన పాత డబ్బా మీద కొత్త బోర్డు పెట్టుడు నాకు మనసొప్పదు. మంచి కంపెనీది 550 వాట్స్, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్నది ఒకటి తీస్కో, రేపు కార్డు మార్చినా అదే పనికొస్తది.

బిగించేటప్పుడు ఒకటి యాది పెట్టుకో. నేను మొదటిసారి నా పీసీకి బోర్డు మార్చిన రాత్రి, అన్నీ పెట్టి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నయి, లైట్లు వెలుగుతున్నయి, స్క్రీన్ నల్లగ. ర్యామ్ తీసి పెట్టిన, కార్డు తీసి పెట్టిన, రెండు దాటింది, మా అమ్మ లేచి వచ్చి "ఏమైందిరా, కాల్చినవా" అని అడిగిపోయింది. తెల్లారి చూస్తే బోర్డు పైమూలకు ప్రాసెసర్‌కు కరెంటిచ్చే 8 పిన్నుల వైరు పెట్టనేలే, ఆ వైరు బోర్డు వెనుక దాక్కుని ఉంది. 24 పిన్నులది పెద్దగ కనపడ్తది కాబట్టి ఎవరూ మర్చిపోరు, ఇది మర్చిపోతరు.

జీటీఎక్స్ 1060 గురించి ఆశ మరీ పెట్టుకోకు. ఆగుడు పోతది, అల్ట్రా సెట్టింగులు మాత్రం రావు, పైగా ఎన్విడియా ఆ సిరీస్‌కు కొత్త గేముల డ్రైవర్లు 2025 అక్టోబర్‌తోని ఆపేసింది, ఇంక సెక్యూరిటీ అప్‌డేట్లే. ఇప్పుడు బోర్డు, ప్రాసెసర్ మార్చు, కార్డు సంగతి వచ్చే ఏడు చూద్దాం.

"సార్, మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్న. ఐ5-12400ఎఫ్ కొత్తగ పెట్టిన, హెచ్‌డీఎంఐ వైరు పెడితే నో సిగ్నల్ వస్తుంది. బోర్డు పోయిందా?"

బోర్డుకేం కాలే. పేరు చివర ఎఫ్ ఉందంటే ఆ ప్రాసెసర్ లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. నువ్వు వైరు మదర్‌బోర్డుకు పెట్టినవ్, అది ఎప్పటికీ రాదు. కింద అడ్డంగ ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టుకు పెట్టు. కార్డే లేకుంటే మాత్రం షాపుకు పోయి ఎఫ్ లేని 12400 అడుగు, మార్చి ఇస్తరేమో బతిమాలుకో.

"అన్నా, నాగర్‌కర్నూల్. బోర్డు మారిస్తే విండోస్ పోతదా? డేటా ఉంటదా?"

డేటా డిస్క్‌ల ఉంటది, బోర్డుల కాదు, అయినా ఫొటోలు పక్కకు తీసి పెట్టుకో. లైసెన్స్ బోర్డును చూసి గుర్తుపడ్తది, అందుకే విప్పకముందే సెట్టింగ్స్‌ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని లాగిన్ అయి ఉండు, తర్వాత యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌ల "ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చిన" అని పెడితే చాలా సార్లు ఒప్పుకుంటది. పీసీతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ అయితే పాత బోర్డుతోనే పోతది, కొత్తది కొనాల్సిందే. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఆన్‌ల ఉందేమో చూడు, ఉంటే ముందే ఆపు, లేకుంటే కొత్త బోర్డు మీద ఆన్ చెయ్యంగనే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతది, అది ఏడ రాసిపెట్టినవో నీకు గుర్తుండదు.