నది పండుగ తలపెట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ నది పేరున కళల పండుగ ఒకటి జరపాలని పదిమంది కలిసి సంఘంగా ఏర్పడ్డారనీ, ఆ పని నీ నెత్తిన పడిందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఇలాంటి పండుగలను పదకొండేళ్లు నడిపినవాడిగా, ప్రతిసారీ ఏదో ఒక చోట తడబడినవాడిగా, నాకు తెలిసినంత రాస్తున్నాను. కొన్ని మాటలు చాదస్తంగా అనిపించవచ్చు. అనిపించినా ఒకసారి సంఘంలో చదివి వినిపించు.

మొదటి ఏడాది మేము చేసిన పొరపాటు ముందుగా చెబుతాను. కరెంటు దొరికే చోటు, బండ్లు వచ్చే దారి, వెనుక ఆసరాగా ఒక గోడ, ఇవన్నీ చూసుకుని రోడ్డు వైపున వేదిక కట్టించాము. జనం ఏటిగట్టు మీద గడ్డిలో కూర్చున్నారు. పాట బాగుంది, నాట్యం బాగుంది, చప్పట్లకూ లోటు లేదు. మధ్యలో ముసలి పడవ సరంగు ఒకాయన నా పక్కన కూలబడి, "అందరూ ఏటికి వీపు పెట్టి కూర్చున్నారేం బాబూ?" అని అడిగాడు. నెలల తరబడి కూర్చుని చర్చించిన మా పదిహేను మందిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. ఏ మైదానంలో జరిపినా ఆ పండుగ అలాగే ఉండేదని ఆ రాత్రి ఇంటికి వెళ్లాక అర్థమైంది.

కాబట్టి మీ సంఘంలో ఒక మనిషికి ఒకే ఒక్క బాధ్యత అప్పగించండి. ప్రతి సమావేశంలోనూ ఆ మనిషి నది తరఫున మాత్రమే మాట్లాడాలి. డబ్బు గురించి గానీ ప్రచారం గురించి గానీ ఆలోచించకూడదు. ఇది వింతగా అనిపిస్తే న్యూజిలాండ్ సంగతి చెప్పు. అక్కడి వాంగనుయి నదికి 2017లో చేసిన చట్టం న్యాయస్థానాల దృష్టిలో వ్యక్తి హోదా ఇచ్చింది. నది తరఫున మాట్లాడేందుకు ఇద్దరిని నియమిస్తారు. ఒకరిని ప్రభుత్వం, ఒకరిని ఆ నదిని తమ పూర్వీకులలో ఒకరిగా భావించే మావోరీ తెగలు ఎంపిక చేస్తాయి. మీకు చట్టం అవసరం లేదు, ఒక కుర్చీ చాలు. మా సంఘంలో ఆ కుర్చీలో కూర్చున్న ఆమె మూడో ఏడాది నుంచి మా ముచ్చట్లలో సగం కొట్టిపారేసింది. అప్పట్లో మేము విసుక్కున్నాము. ఇప్పుడు తలుచుకుంటే ఆమె కొట్టేయకుండా వదిలేసిన మిగతా సగంలోనూ కొన్ని కొట్టేయవలసినవే.

తేదీ సంగతికి వస్తే, దాన్ని క్యాలెండరు చూసి నిర్ణయించకండి. ముందు ఒక నెల పాటు, ప్రతిరోజూ ఒకే వేళకు, ఒకే చోట నీటిమట్టాన్ని కొలిచి నోటు పుస్తకంలో రాయండి. ఎగువన ఆనకట్ట ఉంటే నీరు ఎప్పుడు వదులుతారో, ఎంత సేపటికి మీ రేవుకు చేరుతుందో అక్కడి కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. సముద్రానికి దగ్గరగా ఉన్న నది అయితే పోటు, పాటు వేళల పట్టిక దగ్గర పెట్టుకోండి. పక్షులు గూళ్లు కట్టే కాలం, చేపలు గుడ్లు పెట్టే కాలం తప్పించండి. ఆ కాలాలు పుస్తకాలలో కంటే వల వేసేవారి నోట కచ్చితంగా తెలుస్తాయి. ఒక ఏడాది మేము ఇసుక తిన్నె మీద వెదురు బొమ్మలు నిలబెట్టాము. మా దగ్గర చినుకు పడలేదు గానీ ఎగువన ఎక్కడో కురిసింది. తెల్లవారేసరికి తిన్నె లేదు, బొమ్మలూ లేవు. దిగువన రెండు మలుపుల అవతల ఒక బొమ్మ తల మాత్రం ముళ్లపొదకు చిక్కుకుని దొరికింది.

ఆ కొలతలు తీసే నెలలోనే గట్టు పొడవునా నడవండి, నది మీద బతికేవారిని కలవండి. జాలరులు, పడవలు నడిపేవారు, రేవులో బట్టలుతికేవారు, పశువులను నీటికి తోలుకువచ్చేవారు, లంకపొలాలలో సాగు చేసేవారు, వరదలో ఇల్లు పోగొట్టుకున్నవారు అందరికీ నది ఒకేలా కనిపించదు. వారి దగ్గరకు వెళ్లి "నది గురించి మీ జ్ఞాపకాలు చెప్పండి" అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. ఈ రేవుకు ఈ పేరు ఎందుకు వచ్చింది, ఈ మలుపులో నీరు ఎందుకు సుడి తిరుగుతుంది, మునుపు దొరికి ఇప్పుడు దొరకని చేప ఏది అని అడుగు. ఒక్కొక్క ప్రశ్న నుంచి ఒక నాటకానికి సరిపడా కథ వస్తుంది. ఆ కథలను కళాకారులకు అప్పగించేటప్పుడు చెప్పినవారి అనుమతి తీసుకోవాలి. ప్రదర్శన రోజున వారిని ముందు వరుసలో కూర్చోబెట్టాలి.

ఇక్కడ ఒక కష్టమైన విషయం ఉంది. మా రెండో ఏడాది ఇంటింటికీ తిరుగుతుండగా ఒక తల్లి గుమ్మంలోనే నిలబడి, "నా పిల్లవాణ్ణి మింగిన నదికి పండుగ చేస్తారా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఏ నది ఒడ్డునైనా అలాంటి ఇళ్లు ఉంటాయి. ఆ కుటుంబాలను వెతికి ముందే కలవాలి, పండుగ ఎందుకు చేస్తున్నామో నెమ్మదిగా చెప్పాలి, వారు ఏమీ వద్దంటే వారి గడప మళ్లీ తొక్కకూడదు. మేము ఆ ఏటి నుంచి సాయంకాలపు కార్యక్రమాన్ని మైకు లేకుండా, దీపం లేకుండా, కొన్ని నిమిషాల మౌనంతో మొదలుపెట్టాము. అంత మంది నోరు మూసుకుంటే నీటి చప్పుడు వినిపించింది. ఆమె వచ్చిందో లేదో నాకు తెలియదు, నేను ఎవరినీ అడగలేదు.

మురికి కాలువలా మారిన నదికి పండుగ చేయడం కపటం కాదా అని మీ సంఘంలో ఎవరో అన్నారని రాశావు. కాదని నా అభిప్రాయం, అయితే ఆ మురికిని దాచితే మాత్రం కపటమే. అమెరికాలో హడ్సన్ నది కంపు కొడుతున్న రోజుల్లో గాయకుడు పీట్ సీగర్, అతని మిత్రులు కచేరీలు చేసి డబ్బు కూడబెట్టి, పాతకాలపు నమూనాలో ఒక తెరచాప పడవ కట్టించి 1969లో నీటిలోకి దింపారు. క్లియర్‌వాటర్ అనే ఆ పడవ రేవు రేవుకూ తిరిగి పాటలు వినిపించింది, బడిపిల్లలకు నది నీటిలోని జీవాలను చూపించింది. పాట కోసం ఒడ్డుకు వచ్చినవారు నదిని ముక్కుతో కూడా తెలుసుకున్నారు. మీరు కూడా నీటి నమూనాలను గాజు సీసాలలో పట్టి, ఎగువ నుంచి దిగువకు వరుసగా ఒక బల్ల మీద పెట్టండి. ఏ ఉపన్యాసమూ అక్కరలేదు, ఏ సీసా ఎక్కడ పట్టిందో రాసి ఉంటే చాలు.

ఇక కళ విషయం. దక్షిణాఫ్రికా కళాకారుడు విలియం కెంట్రిడ్జ్ 2016లో రోము నగరంలో టైబర్ నది గట్టు గోడ మీద సుమారు 500 మీటర్ల పొడవున 80కి పైగా బొమ్మలు వేశాడు. అందులో చుక్క రంగు వాడలేదు. ఏళ్ల తరబడి రాతికి పట్టిన నాచునూ మసినీ అచ్చుల చుట్టూ నీటిధారతో కడిగేస్తే, కడగని చోట మిగిలిన నలుపే బొమ్మగా నిలిచింది. కాలం గడిచేకొద్దీ గోడ మళ్లీ నల్లబడుతుంది, బొమ్మలు అందులో కలిసిపోతాయి. నదికి ఏమీ అంటించకుండా, నది నుంచి ఏమీ తీసుకోకుండా అంత పెద్ద పని చేయవచ్చని తెలిశాక, థర్మకోల్ హంసలు తేలుద్దామన్నవారితో వాదించడం నాకు తేలికైంది. అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో కళాకారుడు బార్నబీ ఎవన్స్ 1994లో మొదలుపెట్టిన వాటర్‌ఫైర్ అనే ప్రదర్శనను కూడా గమనించు. అక్కడ నది మధ్య వరుసగా అమర్చిన ఇనుప కుంపట్లలో కట్టెలు మండుతుంటాయి. నల్లని దుస్తులు వేసుకున్న వాలంటీర్లు పడవల మీద చప్పుడు లేకుండా తిరుగుతూ వాటిలో కట్టెలు వేస్తుంటారు. చూసేవారందరి ముఖాలూ నీటి వైపే ఉంటాయి. మా మొదటి ఏడాది వేదికకు అది జవాబు.

నీటిలో వదిలే దీపాలు, గాలిలో వదిలే బెలూన్లు, నీటిలో కలిపే రంగులు, మెరుపుల పొడి, వీటన్నిటినీ మొదటి సమావేశంలోనే తిరస్కరించండి. తర్వాతైతే ఎవరో ఒకరు అప్పటికే కొనేసి ఉంటారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో 1986 సెప్టెంబరులో విరాళాల సేకరణ కోసం దాదాపు 15 లక్షల బెలూన్లు ఒక్కసారిగా వదిలారు. వాన గాలికి అవి తిరిగి నగరం మీదా, పక్కనున్న ఈరీ సరస్సు మీదా పడ్డాయి. అదే సమయంలో సరస్సులో తప్పిపోయిన ఇద్దరు జాలరుల కోసం గాలిస్తున్న సిబ్బందికి, నీటి మీద తేలే రంగురంగుల బెలూన్ల మధ్య మనిషి తలను గుర్తుపట్టడం కష్టమైంది. ఆ ఇద్దరూ బతకలేదు. దీపాలు కావాలంటే వెదురు బద్దలతో, పలుచని కాగితంతో, గంజి జిగురుతో పిల్లల చేతనే చేయించి, కర్రలకు కట్టి గట్టు మీద ఊరేగించండి. ఒక్కొక్క దీపం తయారీకి మూడు, నాలుగు సాయంత్రాలు పడుతుంది. నన్నడిగితే పండుగలో అసలైన భాగం ఆ సాయంత్రాలే. చేతికి జిగురు అంటిన పిల్లలు తమ ఇంటివారందరినీ వెంటబెట్టుకుని వస్తారు, ప్రచార పత్రాల ఖర్చు కలిసివస్తుంది.

వెలుతురు విషయంలో పొదుపు పాటించండి. మేఫ్లై అనే చిన్న పురుగులు దాన్యూబ్ నది వంతెనల దీపాలకు ఆకర్షితమై, నీటిలో పెట్టవలసిన గుడ్లను రోడ్డు మీద పెట్టి చనిపోతున్నాయని హంగరీ శాస్త్రవేత్తలు గమనించారు. కార్యక్రమం ముగిసిన వెంటనే ఫ్లడ్‌లైట్లు ఆర్పే మనిషిని పేరుతో సహా నిర్ణయించండి. శబ్దం ఇంకా మాయలమారి. పొద్దుగూకాక నీటిని ఆనుకున్న గాలి చల్లగా, దానికి పైనున్న గాలి వెచ్చగా ఉన్నప్పుడు ధ్వని పైకి పోకుండా కిందికి వంగి, నీటి మీదుగా చాలా దూరం ప్రయాణిస్తుంది. వేదిక ముందు నిలబడి సరిపోయిందనుకున్న శబ్దం ఆవలి ఒడ్డున పసిపిల్లలను నిద్ర లేపుతుంది. రిహార్సల్ రాత్రి ఒకరిని ఆవలికి పంపి ఫోనులో కనుక్కోండి.

రిహార్సల్ అన్నాను కాబట్టి చెబుతున్నాను, దాన్ని పండుగ జరిగే వేళకే, అదే చీకటిలో, అదే నీటి మీద చేయాలి. చికాగోలో 2014 అక్టోబరులో నది మీద తేలే ఇళ్ల బొమ్మలను తగలబెట్టే ప్రదర్శన తలపెడితే, అంతకు ముందు కురిసిన వానల వల్ల పరికరాలు పాడై, వేలాది జనం ముందు అవి సరిగా అంటుకోలేదు. తడిస్తే పనిచేయని దేనినీ నది మీదికి తీసుకెళ్లకండి, తీసుకెళ్లక తప్పకపోతే అది పనిచేయనప్పుడు ఏం చేస్తారో ముందే రాసిపెట్టుకోండి.

ప్రాణభద్రతలో మాత్రం మొహమాటం వద్దు. పదిహేను సెంటీమీటర్ల లోతే ఉన్నా వడిగా పారే నీరు పెద్దవారిని సైతం పడదోయగలదు. చీలమండలోతు నీరే కదా అని ఎవరినీ దిగనివ్వకండి. పడవ ఎక్కే ప్రతి ఒక్కరికీ, ఎంత పెద్ద కళాకారుడైనా సరే, లైఫ్ జాకెట్ ఉండాలి. దుస్తుల అందం చెడుతుందని వాదించే నర్తకి ఉంటే ఆమెను ఒడ్డునే ఆడించండి. ఈత వచ్చిన వాలంటీర్లు ఉంటే సరిపోదు, మునిగేవారిని బయటకు తీయడంలో శిక్షణ పొందినవారు దిగువ వైపున సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే పడినవారు కొట్టుకుపోయేది అటే. వంతెన మీద జనం ఆగకుండా చూడాలి. అనుమతుల విషయంలో ఒకటే జాగ్రత్త: నీరు ఒక శాఖది, గట్టు మరొకరిది, పైనున్న వంతెన ఇంకొకరిది కావచ్చు, ఒకరు ఇచ్చిన కాగితం మరొకరి దగ్గర చెల్లదు.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. కళాకారులకు ఇవ్వవలసినది ముందు పక్కన పెట్టి, మిగిలినదానితో టెంట్లూ లైట్లూ మాట్లాడుకోండి. మరుగుదొడ్లకూ మరునాటి శుభ్రతకూ పద్దు రాయని బడ్జెట్‌ను ఆమోదించకండి. మరునాటి ఉదయం ఏరిన చెత్తను తూకం వేయించి ఆ అంకె దాచుకోండి, వచ్చే ఏడాది దానితో పోల్చుకోవచ్చు.

నీటిమట్టం కొలవడం రేపటి నుంచే మొదలుపెట్టు. నెల నిండాక ఆ నోటు పుస్తకం ఫోటోలు తీసి పంపించు. అంతవరకూ ఎవరు తొందరపెట్టినా తేదీ ప్రకటించవద్దు, నీ చేత ప్రకటింపజేయాలని చూసేవారు ఎవరో నాకు తెలుసు. ఆ నది తరఫున మాట్లాడే కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టారో కూడా రాయి.

ఇట్లు,
మీ మామయ్య