పొలం పక్కన ఇల్లు: పురుగుమందు గాలి పీల్చడం వల్ల ప్రమాదం ఎంత?

పక్క పొలంలో మందు కొట్టినప్పుడల్లా ఇంట్లోకి ఘాటు వాసన వస్తోందని, పిల్లల విషయంలో ప్రమాదం ఎంతో ఎలా తెలుసుకోవాలని అడిగారు. చాలా ఏళ్లుగా నేనూ పొలాలను ఆనుకొని ఉన్న ఇంట్లోనే ఉంటున్నాను.

వాసనను కొలతగా తీసుకోకండి. ఆ ఘాటు చాలాసార్లు మందును కరిగించడానికి వాడే జైలీన్ వంటి ద్రావకాలది. అసలు విషానికి ఒక్కోసారి వాసనే ఉండదు. తేల్చుకోవలసింది, కొట్టిన మందు ఏది, అది మీదాకా ఎంత వచ్చింది, ఎంతసేపు, ఎన్నిసార్లు అన్నది. నేను రైతునే అడిగి డబ్బా లేబుల్ మీద ఉన్న రసాయనం పేరు రాసుకుంటాను. తగవు పెట్టుకోవడానికి వచ్చినట్టు కాకుండా అడిగితే, మా పక్క రైతు ఎప్పుడు కొడతాడో ముందురోజే చెబుతున్నాడు; కిటికీలు మూసి, ఆరేసిన బట్టలు లోపలికి తీసుకోవడానికి ఆ కబురు చాలు.

పేరు ఎందుకంటే, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు అనే రకం పురుగుమందులు నరాలకు అవసరమైన ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. నోట్లో నీరూరడం, విపరీతంగా చెమట పట్టడం, వాంతులు, కంటిపాపలు కుంచించుకుపోవడం, ఛాతీ బిగుసుకుపోవడం కనిపిస్తే లేబుల్ ఫొటోతో వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పైరెథ్రాయిడ్లు అనే మరో రకం పురుగుమందులతో సాధారణంగా ముక్కు, గొంతు మండుతాయి. ఉబ్బసం ఉన్నవారికి మాత్రం ఆ కాస్త గాలే ఆయాసం తెప్పించవచ్చు.

మందు పేరుతో పాటు తేదీ, వేళ, గాలి దిశ, ఇంట్లో ఎవరికి ఏమనిపించిందో ఒక నోటుపుస్తకంలో రాస్తూ వచ్చాను. గాలి కదలని తెల్లవారుజామున కొట్టిన రోజుల్లోనే మా ఇంట్లో కళ్లమంటలు ఎక్కువని అందులో తేలింది. ఆ వేళ నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండటంతో సన్నని తుంపర పైకి చెదిరిపోకుండా కిందనే తేలుతూ పక్కకు పాకుతుంది. గాలి లేదు కదా అన్న ధీమా పనికిరాదు. మాస్కు విషయానికొస్తే, ఎన్95 తుంపరను కొంత ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు.

క్యాన్సర్ భయం గురించి కూడా అడిగారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో గ్లైఫోసేట్ అనే కలుపుమందును, మలాథియాన్, డయాజినాన్ అనే పురుగుమందులను మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేవిగా వర్గీకరించింది. అయితే ఆ వర్గీకరణ ఆధారాల బలాన్ని చెబుతుందే తప్ప, మీ కిటికీ దగ్గరకు వచ్చే మోతాదుతో ఎంత ముప్పో చెప్పదు.

ఆర్గానోఫాస్ఫేట్లు తరచూ కొడుతున్నట్టు తేలితే, పిచికారీలు లేని కాలంలో ఒకసారి కోలినెస్టరేజ్ ఎంజైము స్థాయి చూసే రక్తపరీక్ష చేయించుకోండి. దాని సహజ స్థాయి మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి, తర్వాత అనుమానం వచ్చినప్పుడు పోల్చి చూడటానికి వైద్యుడికి మీ పాత అంకె కావాలి.