డిపాజిట్ పగలగొట్టి ఇల్లంతా టైల్సా?

ప్రశ్న: మా ఇల్లు కట్టి పదిహేనేళ్లయింది. హాల్లో నాలుగైదు టైల్స్ పైకి లేచాయి. మిగతావి బాగానే ఉన్నాయి కానీ మెరుపు పోయింది. ఇల్లంతా ఒకేసారి 800×1600 మిల్లీమీటర్ల గ్లాసీ విట్రిఫైడ్ టైల్స్ వేయిద్దామనుకుంటున్నాం. కాంట్రాక్టర్ ఇచ్చిన అంచనా మా 6 నెలల ఇంటి ఖర్చుకు సమానం. 4 నెలల ఖర్చుకు సరిపడా డిపాజిట్ ఊరికే పడి ఉంది. అది తీసేసి, మిగతాదానికి 14 శాతం వడ్డీతో మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటాను. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. భార్య, ఇద్దరు పిల్లలు, 70 దాటిన అమ్మ ఉన్నారు. ఖర్చులు పోను జీతంలో ఐదో వంతు మిగులుతోంది కాబట్టి ఈఎంఐ ఇబ్బంది కాదు. టైల్స్ ఎంపికలోనూ, డబ్బు సర్దుబాటులోనూ మీ సలహా చెప్పండి. — ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. డిపాజిట్ ‘ఊరికే పడి ఉంది’ అన్నారు. ఇంటి పని పెట్టుకునే ముందు నా దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామంది నోట ఇదే మాట వింటుంటాను. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను. ఒక్క జీతం మీద ఐదుగురు ఆధారపడిన ఇంట్లో ఆ డబ్బు ఖాళీగా లేదండీ. రేపు మీ ఉద్యోగానికి ఏమన్నా అయితే నాలుగు నెలలు ఇల్లు నడపాల్సింది అదే. నిజానికి అదీ చాలదు, మీ కుటుంబానికి కనీసం 6 నెలల ఖర్చు ఉండాలి. ఉన్నదే తక్కువ, దాన్ని తీసుకెళ్లి నేల మీద పరుస్తానంటున్నారు.

గోడలకు రంగులు వేయిస్తుండగా డబ్బు అయిపోతే రెండు గదులు వదిలేసి ఊరుకోవచ్చు. నేల అలా కుదరదు. పాత టైల్స్ పగలగొట్టించి, మంచాలూ బీరువాలూ ఒకే గదిలోకి కుక్కి, వంటింటి సామాను వరండాలో పెట్టుకున్నాక ‘మిగతాది వచ్చే ఏడాది చూద్దాం’ అనలేరు. ఆ రోజు ఎవరు ఎంత వడ్డీ అడిగినా తెచ్చేస్తారు. చాలామందికి అప్పుడు చేతికి దొరికేది క్రెడిట్ కార్డు. నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 అనుకుంటారు. వడ్డీ మీద వడ్డీ పడితే అది 42 దాటుతుంది. నేల తెరిచి పెట్టుకుని చేసే అప్పంత గుడ్డి అప్పు ఇంకోటి ఉండదు.

అంచనా దాటదు కదా అంటారేమో. కాగితం తీసి చూడండి. చాలా అంచనాల్లో నేల కొలత ఒక్కటే ఉంటుంది. 1000 చదరపు అడుగుల నేల అనుకుందాం. కోతల్లో, విరుగుళ్లలో పోయేది 10 శాతం, అంటే ఇంకో 100. టైల్స్‌ను ఐమూలగా వేయిస్తే ఆ 10 కాస్తా 15 అవుతుంది. గదులన్నిటి గోడల పొడవు కలిపి 300 అడుగులుంటే, గోడల అడుగున వేసే 4 అంగుళాల ఎత్తు టైల్స్ పట్టీకి, అంటే స్కర్టింగ్‌కు, మరో 100. అక్కడికే 1200 అయింది. పాతది పగలగొట్టే కూలి, ఆ ముక్కల్ని బయటికి తోలించే ఖర్చు, తలుపుల అడుగున కోత, ఇవన్నీ ఆ పైన.

మీరు ఎంచుకున్న సైజు ఈ ఖర్చును ఇంకా పెంచుతుంది. 9 మిల్లీమీటర్ల మందం ఉన్న 800×1600 పలక ఒక్కోటీ 25 కిలోలు దాటుతుంది. ఇద్దరు పట్టుకుంటే తప్ప కదలదు. అంత పెద్ద పలక కింద నేల ఎగుడుదిగుడుగా ఉండకూడదు. 3 మీటర్ల రూళ్లకర్ర పెట్టి చూస్తే 3 మిల్లీమీటర్లకు మించి సందు కనిపించకూడదు. పదిహేనేళ్ల నేలను ఆ లెవెల్‌కు తేవడం వేరే పని, వేరే బిల్లు. పైగా విట్రిఫైడ్ టైలు నీటిని పీల్చేది అర శాతం లోపే కాబట్టి ఉత్త సిమెంటు పాలు దాన్ని సరిగా పట్టుకోవు, టైల్ అడెసివ్ వాడాల్సిందే. అదీ నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి అదిమేస్తే కింద డొల్ల మిగిలి, ఏదో ఒక రోజు మూల విరుగుతుంది. మీ హాల్లో టైల్స్ లేవడానికి ఇలాంటిదే కారణం కావచ్చు, లేదా అప్పుడు మేస్త్రీ సందు వదలకుండా బిగించేసి ఉండొచ్చు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ పద్ధతిలో అంచనా ఏమాత్రం పెరగదనే అనుకుందాం. లోను 2 నెలల ఖర్చంత. 14 శాతం మీద 36 వాయిదాలంటే, తెచ్చిన ప్రతి 100కి దాదాపు 123 తిరిగి కడతారు. నెల వాయిదా మీ నెల ఖర్చులో 7 శాతం దాకా వస్తుంది. జీతంలో ఐదో వంతు మిగులుతోందంటే అది నెల ఖర్చులో 25 శాతం. వాయిదా పోగా 18 మిగులుతుంది. ఆ 18తో అత్యవసర నిధిని సున్నా నుంచి 6 నెలలకు నింపాలంటే 33 నెలలు పడుతుంది. ఏడాది తిరిగేసరికి చేతిలో ఉండేది రెండు నెలల ఖర్చు మాత్రమే.

నేను చెప్పే పద్ధతిలో డిపాజిట్‌ను ముట్టుకోరు. మొదటి 8 నెలల మిగులు దానికి కలిపితే 6 నెలల నిధి పూర్తవుతుంది. తర్వాత 12 నెలల మిగులుతో సగం ఇల్లు, ఆ పై 12 నెలలతో మిగతా సగం. మొత్తం 32 నెలలు. ధరలు పెరిగితే ఒకట్రెండు నెలలు అటూ ఇటూ. రెండు పద్ధతుల్లోనూ దాదాపు ఒకే సమయానికి కొత్త నేల, నిండు నిధి రెండూ చేతిలో ఉంటాయి. కాకపోతే మీ పద్ధతిలో అన్ని నెలలూ ఎవరికీ ఏమీ కాకూడదని కోరుకుంటూ గడపాలి.

విడతలుగా చేయిస్తే రంగు కలవదన్న భయం సబబే. టైల్స్ పెట్టె మీద బ్యాచ్, షేడ్ నంబర్లుంటాయి. అదే డిజైన్ మరుసటి ఏడాది కొంటే షేడ్ మారిపోవచ్చు. అందుకని గడపల దగ్గర విడగొట్టుకోండి. హాలు, వంటగది, నడవా కలిసి ఉంటే వాటికి కావాల్సినవన్నీ ఒకే బ్యాచ్‌లో ఒకేసారి కొనండి, పైన రెండు పెట్టెలు అదనంగా. పడకగదులకు వచ్చే ఏడాది వేరే డిజైన్ వేసినా గుమ్మం అవతల ఎవరూ పోల్చి చూడరు. ఆ అదనపు పెట్టెల దగ్గర నేను పిసినారితనం చేశాను. మా వంటగదిలో సింకు ముందున్న ఒక టైలు ఈనాటికీ ఎర్ర చొక్కాల మధ్య గులాబీ చొక్కాలా కనిపిస్తుంది.

సైజు 600×600 చాలు. గ్లాసీ వద్దు, మ్యాట్ తీసుకోండి. గ్లాసీ పలక మీద నాలుగు నీటి చుక్కలు పడితే 70 దాటిన మనిషికి అది నేల కాదు, ప్రమాదం. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ ఖర్చు మీరు ఖాళీ చేద్దామనుకున్న ఆ డిపాజిట్‌నే వెతుక్కుంటూ వస్తుంది. వంటగదికి జారుడు రేటింగ్ ఆర్10 ఉన్నవి అడగండి. బాత్రూముల్లో చిన్న టైల్స్ వేయించండి, సందులు ఎక్కువైన కొద్దీ కాలికి పట్టు దొరుకుతుంది. అమ్మగారికి ఆరోగ్య బీమా ఉందో లేదో రాయలేదు. లేకపోతే టైల్స్ కన్నా ముందు దాని సంగతి చూడండి.

హోమ్ లోన్ మీద టాప్-అప్‌కు, అంటే ఉన్న లోను మీదే తీసుకునే అదనపు అప్పుకు, వడ్డీ తక్కువే కానీ నేలకు పదేళ్లు వాయిదాలు కట్టడం నాకు నచ్చదు. దుకాణాల ‘వడ్డీ లేని వాయిదా’ల్లో మామూలుగా దొరికే డిస్కౌంటు పోతుంది, అదే వాళ్ల వడ్డీ. పాత టైల్స్ మీదే కొత్తవి వేస్తే పగలగొట్టే ఖర్చు మిగులుతుంది, కానీ కింద డొల్ల ఉన్నచోట వేయకూడదు. బాత్రూము నేల నుంచి కిందికి నీరు కారుతుంటే మాత్రం ఏదీ వాయిదా వేయకండి, ముందు అది బాగు చేయించండి.

ఈ ఆదివారం ఒక చెక్క పిడి తీసుకుని హాల్లో ప్రతి టైలునూ తట్టి చూడండి. డొల్లగా మోగినవాటి మీద సుద్దతో గుర్తు పెట్టండి. అవి పదో పదిహేనో ఉంటే వాటిని మాత్రమే తీయించి మళ్లీ వేయించుకోవచ్చు. పనికి పిలిచే ముందు అటక మీద ఒకసారి వెతకండి. పదిహేనేళ్ల కింద మిగిలిపోయిన పెట్టె ఒకటి అక్కడే ఉండొచ్చు.