కారు కన్నా కీబోర్డు నయమే, కానీ అప్పు చేసి కాదు

ప్రశ్న: నా వయసు 31. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతికొచ్చే జీతం 1,05,000. అద్దె 28,000, అనంతపురంలో అమ్మానాన్నలకు 15,000, ఇంటి ఖర్చులు 32,000, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే సిప్ 10,000. బ్యాంకులో 1,20,000 ఉన్నాయి. ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చిందే. శని, ఆదివారాల్లో స్నేహితుడి కీబోర్డు తీసుకెళ్లి పెళ్లి రిసెప్షన్లలో వాయిస్తాను. సగటున నెలకు 8,000 వస్తాయి. సొంత కీబోర్డు, స్పీకర్లు, మైకులు, ఇంట్లో రికార్డింగ్ సరంజామా అన్నీ కలిపి 3 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నా. మా ఆవిడ ఆ అప్పేదో కారుకే చేద్దామంటోంది. కారు ఆన్‌రోడ్ 9.5 లక్షలు. కారు విలువ ఏటా పడిపోతుంది, వాయిద్యాలు సంపాదించి పెడతాయి కదా. ఎవరి మాట సరైనది?

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. రెండు ఖర్చుల్ని పక్కపక్కన నిలబెట్టి, చిన్నది కాబట్టి తూగుతుందిలే అనుకోవడం చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటు. 9.5 లక్షల పక్కన 3 లక్షలు ఎప్పుడూ తక్కువే అనిపిస్తాయి. మీ 3 లక్షల్ని పోల్చాల్సింది బ్యాంకులో ఉన్న 1,20,000తో. జీతం ఆగితే అద్దె, ఊరికి పంపేది, ఇంటి ఖర్చు కలిపి నెలకు 75,000 కావాలి. ఉన్న డబ్బు నెలన్నరకు కాస్త పైన వస్తుంది, అంతే. అత్యవసర నిధిగా ఆరు నెలలకు 4,50,000 ఉండాలి, 3,30,000 తక్కువ పడుతోంది. సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం పోయినవాళ్లకు కొత్తది రెండు నెలల్లో దొరుకుతుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

కారు మీద మీ లెక్క నిజమే. ఎక్స్‌షోరూమ్ 8 లక్షల కారుకు కర్ణాటకలో జీవితకాల పన్నే 14 శాతం, అంటే 1,12,000, దాని మీద సెస్సు. బీమా కంపెనీ కారుకు కట్టే విలువ (ఐడీవీ) రెండేళ్లు దాటగానే ఎక్స్‌షోరూమ్ ధరలో 30 శాతం తగ్గి 5,60,000కు వస్తుంది, కట్టిన పన్ను అందులో లెక్కకే రాదు. 8 లక్షల అప్పుకు 9.5 శాతం వడ్డీతో ఏడేళ్లకు ఈఎంఐ దాదాపు 13,100. వడ్డీ ఒక్కటే దగ్గర దగ్గర 3 లక్షలు. డౌన్ పేమెంటుకే మీ 1,20,000 ఊడ్చుకుపోతాయి. పన్ను కలిసొస్తుందని అనంతపురంలో రిజిస్టర్ చేయించి ఇక్కడ తిప్పే ఆలోచన ఉంటే మానుకోండి. 12 నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే చట్టప్రకారం అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి.

మరి పర్సనల్ లోన్? 3 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్లకు ఈఎంఐ 10,250, వడ్డీ 69,000, పైన ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ. జీతం ఆగిన నెల నుంచి మీకు కావాల్సింది 85,000 అవుతుంది, ఆ 1,20,000 నెలా పన్నెండు రోజులకు అయిపోతాయి. వాయిస్తే వచ్చే 8,000తో ఈఎంఐ కూడా తీరదు. అదీ ఆషాఢంలో, మూఢాల్లో, శూన్యమాసంలో ముహూర్తాలు లేక ఆగిపోతుంది. ఈఎంఐకి మూఢాలు లేవు. వాయిద్యాలు సంపాదిస్తాయన్నది ముహూర్తాలున్న నెలల మాట, దాని మీద మూడేళ్ల అప్పు ఎలా నిలబెడతారు?

షాపులో వడ్డీ లేదంటూ క్రెడిట్ కార్డు నో-కాస్ట్ ఈఎంఐ ఇస్తామంటే దానికీ తల ఊపకండి. రొక్కానికి ఇచ్చే తగ్గింపు అందులో పోతుంది, షాపు సర్దే వడ్డీ భాగం మీద జీఎస్టీ మీకు పడుతుంది. అంతకన్నా నష్టం, అర్ధరాత్రి ఆసుపత్రి కౌంటర్లో గీయాల్సిన కార్డు లిమిట్ కీబోర్డుకు కట్టుబడిపోయి ఉంటుంది. ఒక్క నెల పూర్తిగా కట్టలేకపోతే నెలకు 3 నుంచి 3.75 శాతం వడ్డీ. ఇలాంటి అప్పుతో సరదా వస్తువు కొనడం నాకు ఏ కోశానా సమ్మతం కాదు.

పైగా మీ జాబితాలో సగం అక్కర్లేనివి. రిసెప్షన్‌కు స్పీకర్లు, మైకులు, మిక్సర్ సౌండ్ కాంట్రాక్టరే తెస్తాడు. వాయించేవారు తెచ్చుకోవాల్సింది కీబోర్డు, స్టాండు, స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్, కీబోర్డును మిక్సర్‌కు కలిపే డీఐ బాక్సు, రెండు మంచి కేబుళ్లు, స్పైక్ గార్డు. ఇంట్లో రికార్డింగ్‌కు వాయిద్యాన్ని కంప్యూటర్‌కు కలిపే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, మూసి ఉండే రకం హెడ్‌ఫోన్లు చాలు. పదడుగుల అద్దె గదిలో స్టూడియో మానిటర్లు (రికార్డింగ్ స్పీకర్లు) పెడితే గోడలు, మూలల వల్ల బేస్ కొన్ని స్వరాల దగ్గర ఉబ్బి, కొన్నిచోట్ల మాయమవుతుంది. దాన్ని నమ్మి చేసిన మిక్స్ బయట వేరుగా వినిపిస్తుంది. ఆ గదిని సరిచేయడానికి మళ్లీ ఖర్చు, ఇల్లు మారితే అదీ వృథా.

సెకండ్‌హ్యాండ్ కీబోర్డు చూడండి. ప్రతి మీటనూ మెల్లగా, గట్టిగా నొక్కి వినండి. ఒకే బలంతో నొక్కినా కొన్ని మీటలు ఎక్కువ మోగితే లోపలి రబ్బరు కాంటాక్టులకు దుమ్ము పట్టిందనో అరిగాయనో అర్థం. అవి మార్చుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. అవుట్‌పుట్ జాక్‌లో కేబుల్ కదిపితే గరగర వస్తే జాక్ అరిగి ఉండొచ్చు, టంకం వదిలి ఉండొచ్చు. అడాప్టర్ వోల్టేజీ, ధ్రువాలు కీబోర్డు మీద రాసినట్టే ఉండాలి. పాత బిల్లు, సీరియల్ నంబరు లేకపోతే కొనకండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తోడు కొనే ప్లగిన్ల మీద పెట్టిన డబ్బు తిరిగి వస్తుందనుకోకండి. వాయిద్యాల విలువ నిలుస్తుందన్న మాట కూడా తీరిగ్గా అమ్మేటప్పుడే. అవసరం తరుముతుంటే వచ్చిన ధరకే వదులుకోవాలి.

ఇక చేయాల్సింది. నెలకు మిగిలే 20,000, వాయిస్తే వచ్చే 8,000 కలిపి పక్కన పెడితే 12 నెలల్లో 3,36,000 చేరి అత్యవసర నిధి పూర్తవుతుంది. సిప్ కూడా అప్పటిదాకా ఆపితే 9 నెలలు చాలు. రెండు నెలల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది ఎప్పుడైనా త్వరగా తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లో ఉండనివ్వండి, షేర్లలో వద్దు. అది నిండాక మూడు నాలుగు నెలల మిగులుతో కీబోర్డు రొక్కానికి కొనుక్కోండి. కారు ఆ తర్వాత ఏడాదికి మాట్లాడుకోవచ్చు, అందాకా మెట్రో, అవసరానికి క్యాబ్. రిసెప్షన్ల ఆదాయాన్ని రిటర్నుల్లో చూపించండి, అప్పుడు జీతగాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1 ఫారం సరిపోదు.

నిధి నిండేదాకా ఆగకూడనిది బీమా ఒక్కటే. కంపెనీ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. మీ ఇద్దరికీ 10 లక్షల సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు. దీనివల్ల నిధికి మరో నెల పట్టినా పర్వాలేదు. అమ్మానాన్నలకు వేరే పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే వాళ్లకూ ఇప్పుడే. ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 3 ఏళ్ల దాకా ఉండొచ్చు, ఆ లెక్క మొదలయ్యేది పాలసీ తీసుకున్న రోజు నుంచే.