తెర తెల్లబడిపోతే చెరువు ఎక్కడికి పోయినట్టు?

ప్రశ్న: సార్, మాది అనంతపురం. పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో బుక్కరాయసముద్రం చెరువు గట్టు గీస్తున్నాను. మౌస్ చక్రం కొంచెం తిప్పితే చాలు, తెరంతా తెల్లగా అయిపోతుంది, చెరువు మళ్లీ దొరకదు. గీసిందంతా పోయిందేమోనని ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు

జవాబు: ఏమీ పోలేదమ్మా, మీరే చెరువు దాటి ఎటో వెళ్లిపోయారు. ఎడమవైపు లేయర్ల జాబితాలో మీ లేయర్, అంటే మీరు గట్టు గీస్తున్న పొర మీద కుడి క్లిక్ చేసి ‘జూమ్ టు లేయర్’ నొక్కండి, చెరువు ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ‘జూమ్ లాస్ట్’ బటన్ అయితే ఇందాక చూసిన చోటికే తీసుకుపోతుంది, నేను దీన్నే ఎక్కువ వాడతాను.

అసలు చిక్కు చక్రంతోనే. మామూలుగా ఒక్కో మెట్టుకూ స్కేలు రెండింతలు మారుతుంది కాబట్టి నాలుగు మెట్లు తిప్పితే పదహారింతలు, ఇక చెరువేం కనబడుతుంది? కంట్రోల్ పట్టుకుని తిప్పండి, నెమ్మదిగా కదులుతుంది. ఇంకో సంగతి, జూమ్ మౌస్ బాణం ఉన్నచోటు చుట్టూ జరుగుతుంది, అందుకే ముందు బాణాన్ని గట్టు మీద పెట్టాలి.

గీస్తూ గీస్తూ పక్కకు జరగాలంటే పనిముట్టు మార్చక్కర్లేదు, స్పేస్‌బార్ నొక్కిపట్టి మౌస్ కదిపితే పటమే జరుగుతుంది. కింద స్కేలు పెట్టెలో 1:5000 అని కొడితే తెర మీద సెంటీమీటరు నేల మీద 50 మీటర్లన్నమాట, దాదాపుగా. రోజూ అక్కడే పనైతే కంట్రోల్ బి నొక్కి బుక్‌మార్క్ పెట్టుకోండి.